జాడ తెలియకుండా మాట్లాడుకోవడం: పంచుకున్న క్వాంటం దారుల్లో కోవర్ట్ కమ్యూనికేషన్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎమ్మెస్సీ పిల్లలకు క్వాంటం క్రిప్టోగ్రఫీ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, మెసేజ్ చదవలేరు, సరే. అసలు మెసేజ్ పంపామన్న సంగతే తెలియకుండా చేయలేమా?" క్లాసు చివరి ఐదు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇన్నేళ్లలో వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. లెక్కలు తగ్గించాను. తప్పనిచోట నాణేలు ఎగరేసి చెప్పాను.

ఎన్‌క్రిప్షన్ ఉండగా మళ్లీ ఇదెందుకు?

ఎన్‌క్రిప్షన్ అంటే ఉత్తరానికి లక్క సీలు వేయడం. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, కానీ ఉత్తరం వెళ్లిందని పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో, ఎంత బరువుందో కూడా తెలుసు. ఒక ఉద్యోగి తన ఆఫీసులో జరుగుతున్న అవినీతి గురించి రాత్రి పదకొండింటికి ఒక విలేకరికి ఫోన్ చేశారనుకోండి. మాటలు ఒక్కటీ బయటికి రాకపోయినా, ఫోన్ వెళ్లిందన్న ఒక్క ముక్క చాలు ఆయన్ని పట్టుకోవడానికి.

అశోకవనంలో హనుమంతుడికి వచ్చిన చిక్కు ఇదే. చుట్టూ రాక్షస స్త్రీల కాపలా. సీతమ్మకు కబురు చెప్పాలి. మాట వాళ్లకు అర్థం కాకుండా చేస్తే సరిపోదు, చెట్టు మీద ఎవరో ఉన్నారని తెలిస్తేనే పని చెడిపోతుంది. సంభాషణ జరిగిందన్న ఆనవాలే కాపలాదారుకి చిక్కకూడదు. దాన్నే కోవర్ట్ కమ్యూనికేషన్ అంటున్నాం.

పరిశోధన పత్రాల్లో పంపేవారిని ఆలిస్ అనీ, అందుకునేవారిని బాబ్ అనీ, కాపలాదారుని విల్లీ అనీ పిలుస్తారు. ఇక్కడ నేను పంపేవారు, అందుకునేవారు, కాపలాదారు అనే రాస్తాను.

దీనికీ క్వాంటం కీ డిస్ట్రిబ్యూషన్‌కీ తేడా ఏమిటి?

క్వాంటం కీ డిస్ట్రిబ్యూషన్ (క్యూకేడీ) అంటే ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, పంపుకుని ఇద్దరికి మాత్రమే తెలిసే రహస్య కీ తయారుచేసుకోవడం. ఎవరు ఎవరిని పట్టుకుంటారన్నది ఇక్కడ తిరగబడుతుంది. 1984లో బెనెట్, బ్రసార్డ్ ప్రతిపాదించిన బీబీ84 అనే క్యూకేడీ పద్ధతిలో చాటుగా వినేవాడు ఫోటాన్లను తాకితే తప్పులు పెరుగుతాయి, ఆ తప్పులను చూసి మనం వాడిని పట్టుకుంటాం. కోవర్ట్‌లో కాపలాదారు మనల్ని పట్టుకోవాలని చూస్తాడు. అతను వింటున్నాడా లేదా అన్నది మనకు అనవసరం. వింటూనే ఉన్నాడని ముందే ఒప్పుకుని లెక్క మొదలుపెడతాం.

"పంచుకున్న ఛానెల్" అంటే ఏం పంచుకున్నట్టు?

మూడు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. మూడూ కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టే ఇక్కడ తికమక పడతారు.

మొదటిది, కాపలాదారుతో పంచుకోవడం. మామూలు ఆప్టికల్ ఫైబర్‌లో కిలోమీటరుకి సుమారు 0.2 డెసిబెల్ నష్టం ఉంటుంది. వంద కిలోమీటర్లు వెళ్లేసరికి 20 డెసిబెల్, అంటే నూరు ఫోటాన్లు బయలుదేరితే ఒక్కటి చేరుతుంది. మిగతా 99 ఎక్కడికి పోయాయి? భద్రత లెక్క కట్టేటప్పుడు అవన్నీ కాపలాదారు చేతికే చిక్కాయని అనుకోవాలి. కొన్నే చిక్కాయనుకోవడానికి మన దగ్గర ఆధారం లేదు మరి.

రెండోది, ఒకే ఫైబర్‌లో మామూలు ఇంటర్నెట్ డేటానూ క్వాంటం సంకేతాలనూ కలిపి పంపడం. వేరే వేరే తరంగదైర్ఘ్యాలు వాడి ఇలా చేయవచ్చని పాల్ టౌన్‌సెండ్ 1997లోనే చూపించారు. మూడోది, ఒకే దారిలో చాలామంది పంపుతుండగా వాళ్ల సందడి చాటున మనం మాట్లాడుకోవడం.

మరి సందేశాన్ని దాచేది ఎక్కడ?

రొదలో. నాయిస్ అని మనం విసుక్కునేదే ఇక్కడ దుప్పటి.

రేకుల షెడ్డు మీద వాన పడుతోంది. ఆ చప్పుడులో ఎవరైనా అప్పుడొకటి అప్పుడొకటి చిన్న గులకరాయి విసిరితే లోపల కూర్చున్నవారికి తెలియదు. పంపేవారూ అందుకునేవారూ ఏ క్షణాల్లో గులకరాయి పడుతుందో ముందే రహస్యంగా అనుకుని ఉంటే, అందుకునేవారు ఆ క్షణాల్లోనే చెవి పెడతారు. కాపలాదారు మాత్రం గడ్డివామంతా వెతకాలి. ఇద్దరి వినికిడీ ఒకటే అయినా, ఎక్కడ వినాలో తెలిసినవాడికి పని తేలిక.

అలా ఎంత పంపవచ్చు?

ఈ విషయానికి గుండెకాయ ఇదే, కాస్త నిదానంగా చెబుతాను.

ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేయండి. సరిగ్గా 5,000 బొమ్మలు పడవు. 50 అటూ ఇటూ కావడం మామూలు. కాబట్టి మీరు మధ్యలో ఓ 10 బొమ్మలు అదనంగా చొప్పిస్తే మొత్తం చూసినవాడికి అనుమానం రాదు. 200 చొప్పిస్తే మాత్రం దొరికిపోతారు. మంచి నాణెం 5,200 దాటడం అంత అరుదు.

ఇప్పుడు 40,000 సార్లు ఎగరేయండి. ఆటలు నాలుగు రెట్లయ్యాయి, కానీ మామూలు తేడా 50 నుంచి 100 అయిందంతే, అంటే రెట్టింపు. పది లక్షల సార్లు ఎగరేస్తే 500. మనం దాగే నీడ ఆటల సంఖ్యతో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. దీన్నే వర్గమూల సూత్రం అంటారు.

ఫైబర్‌కి వద్దాం. సెకనుకి 100 కోట్ల కాలపు గడులు ఉన్న లేజర్ తీసుకోండి. ఒక గడిలో వెలుగు పంపవచ్చు, పంపకపోవచ్చు. 100 కోట్లకు వర్గమూలం దాదాపు 31,600. ఒక్క సెకనులో జాడ లేకుండా పంపగలిగేది ఆ స్థాయిలో ఉంటుంది. దాన్ని రొద, నష్టం, మనం పెట్టుకున్న జాగ్రత్త నిర్ణయించే ఒక స్థిరాంకంతో గుణించాలి, అది చాలాసార్లు ఒకటికన్నా బాగా చిన్నదే. గంటసేపు పంపితే? 3,600 రెట్లు పంపవచ్చని మనసు చెబుతుంది. కాదు, 60 రెట్లే. ఎంత ఎక్కువసేపు మాట్లాడితే సగటున సెకనుకి అంత తక్కువ మాట్లాడాలి. అందుకే ఇన్ఫర్మేషన్ థియరీకి (సమాచార సిద్ధాంతానికి) పునాది వేసిన షానన్ చెప్పిన అర్థంలో, అంటే గడికి సగటున ఎన్ని బిట్లు అన్న లెక్కలో, ఈ ఛానెల్ సామర్థ్యం సున్నా అంటారు. అలాగని ఏమీ పంపలేమని కాదు, మొత్తం బిట్లు పెరుగుతూనే ఉంటాయి. సగటు వేగమే సున్నా వైపు జారుతుంది.

ఈ పరిమితి రెండు వైపులా కోసే కత్తి. వర్గమూలం మీరితే రెండింట్లో ఒకటి తప్పదు: కాపలాదారు పట్టుకుంటాడు, లేదా అందుకునేవారికి సందేశం తప్పులతో చేరుతుంది.

రోజూ కొంచెం కొంచెం, సెకను బడ్జెట్ మించకుండా పంపితే?

దొరికిపోతారు. కాపలాదారు ఏ రోజుకారోజు చూసి చింపేయడు, అన్నీ దాచి కలిపి చూస్తాడు. బడ్జెట్ మొత్తం వ్యవధికి ఒక్కటే.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

దాగుతూ మాట్లాడే రేడియోలు రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఉన్నాయి. సంకేతాన్ని చాలా ఫ్రీక్వెన్సీల మీద పలచగా పరిచే స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పుట్టింది ఆ అవసరంలోంచే. కానీ "ఎంత దాచగలం" అన్నదానికి గట్టి నిరూపణ చాలా ఆలస్యంగా వచ్చింది. బూలత్ బాష్, డెనిస్ గోకెల్, డాన్ టౌస్లీ 2012, 2013ల్లో మామూలు రేడియో ఛానెల్‌కి వర్గమూల సూత్రాన్ని నిరూపించారు. అంతకు ముందే, 2007లో, ఆండ్రూ కేర్ ఫోటోల్లో సమాచారం దాచే విద్యకు ఇలాంటి సూత్రాన్నే చూపారు. ఆ తర్వాత మాథ్యూ బ్లాక్ లాంటివారు దీన్ని ఇన్ఫర్మేషన్ థియరీలో స్థిరపరిచారు.

ఇందులో క్వాంటం ఎక్కడుంది?

కాపలాదారులో ఉంది. రేడియో లెక్కల్లో కాపలాదారు దగ్గర ఫలానా రిసీవర్ ఉందని అనుకుంటాం. రేపు వాడు ఇంకా మంచి రిసీవర్ కొంటే మన హామీ ఏమైపోవాలి? క్వాంటం లెక్కలో కాపలాదారుకి భౌతికశాస్త్రం ఒప్పుకునే ప్రతి కొలతనూ ముందే ఇచ్చేస్తాం. రెండు క్వాంటం స్థితులను ఎవరైనా ఎంత మేరకు వేరుచేసి చెప్పగలరో కార్ల్ హెల్‌స్ట్రామ్ ఎప్పుడో లెక్క కట్టారు. "ఏమీ పంపని" స్థితినీ "పంపిన" స్థితినీ ఆ హద్దులోపల కూడా విడదీయలేనంత దగ్గరగా ఉంచాలి. కాపలాదారు ఎంత తెలివైనవాడైనా అతని ఊహ బొమ్మా బొరుసూ వేసినట్టే ఉండాలి. నాకు ఈ రంగం మీద ఇష్టం పుట్టింది ఈ హామీ వల్లే. ఎదుటివాడి చేతకానితనం మీద ఆధారపడని భద్రత ఇది.

కానీ ఈ నిజాయితీకి ఒక ఖరీదు ఉంది. రొద ఏమాత్రం లేని, నష్టం మాత్రమే ఉన్న ఛానెల్‌లో కోవర్ట్ సంభాషణ అసలు సాధ్యం కాదు. ఎందుకంటే ఏమీ పంపనప్పుడు కాపలాదారుకి పూర్తి చీకటి కనిపిస్తుంది. ఒక్క ఫోటాన్ కనిపించినా అది మనదే. వాన లేని రాత్రి రేకు మీద పడ్డ గులకరాయి అది.

ఇక రొద ఎంత ఉంటుందో చూడండి. గది ఉష్ణోగ్రతలో 10 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ దగ్గర వేడి వల్ల పుట్టే ఫోటాన్లు సగటున ఒక్కో మోడ్‌కి (తరంగం తీసుకోగల ఒక్కో విడి రూపానికి) 600కు పైనే. టెలికాం వాడే 1,550 నానోమీటర్ల వెలుగు దగ్గర అదే సగటు లక్ష కోట్లలో ఒక వంతు కూడా ఉండదు. మైక్రోవేవ్‌లో కుండపోత, ఫైబర్‌లో ఎండాకాలం ఆకాశం.

అయితే ఫైబర్‌లో ఆశ వదులుకోవాలా?

అక్కర్లేదు, కాకపోతే రొద ఎక్కడి నుంచి వస్తోందో జాగ్రత్తగా అడగాలి.

నేను మొదటిసారి సింగిల్ ఫోటాన్ డిటెక్టర్ ఆన్ చేసినప్పుడు ఫైబర్‌కి మూత పెట్టే ఉంది. అయినా తెర మీద అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. ఎక్కడో వెలుతురు కారుతోందని సాయంత్రం దాకా నల్ల గుడ్డలు కప్పుతూ కూర్చున్నాను. వెలుతురు కాదు, అవి డార్క్ కౌంట్లు. ఫోటాన్ రాకపోయినా డిటెక్టర్ తనంతట తాను "వచ్చింది" అని చెప్పడం. కాపలాదారు డిటెక్టర్‌లోనూ ఇవి ఉంటే వాటి చాటున మళ్లీ వర్గమూలం మేరకు పంపవచ్చు. బాష్, సైకత్ గుహ, వారి సహచరులు 2015లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఈ నిరూపణలతో పాటు రేథియాన్ బీబీఎన్ అనే అమెరికా పరిశోధన సంస్థలో చేసిన ప్రయోగాన్నీ ప్రచురించారు. వెలుగు ఏ గడిలో పడిందన్నదే అక్షరంగా వాడే పల్స్ పొజిషన్ పద్ధతి వాడారు. వర్గమూల సూత్రం కాగితం మీదే కాదు, బల్ల మీద కూడా నిలబడింది.

అయినా డార్క్ కౌంట్ అంటే కాపలాదారు పరికరంలోని లోపం. అతి చల్లగా ఉంచే సూపర్‌కండక్టింగ్ డిటెక్టర్లలో అది చాలా తక్కువ. దాని మీద ఆధారపడితే మళ్లీ ఎదుటివాడి చేతకానితనం మీద ఆధారపడ్డట్టే.

ఇంకో మార్గం పక్కవారి డేటా. ఒకే ఫైబర్‌లో బలమైన ఇంటర్నెట్ సంకేతాలు వెళుతుంటే రామన్ పరిక్షేపణం వల్ల కొంత వెలుగు వేరే రంగుల్లోకి చిమ్ముతుంది. క్యూకేడీ నడిపేవారికి అది తలనొప్పి. కోవర్ట్‌గా మాట్లాడేవారికి అదే దుప్పటి కావచ్చు. సర్ సి.వి. రామన్ కనుగొన్న ఆ ప్రక్రియ ఒకే తీగలో ఒకరికి అడ్డమూ ఇంకొకరికి ఆసరా కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

మూడోది పంపేవారే తమ ల్యాబ్‌లో రొద పుట్టించడం. 2016లో హువాన్ మిగెల్ అరాజోలా, వలేరియో స్కరానీ దీన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. చుట్టూ సహజంగా ఉన్న రొద చాటునైనా, పంపేవారి ల్యాబ్ రొద చాటునైనా క్యూబిట్లను (క్వాంటం బిట్లను) జాడ లేకుండా పంపవచ్చని చూపారు.

నెట్‌వర్క్ నడిపేవాడే కాపలాదారు అయితే?

పంచుకున్న దారుల్లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే అంటాను నేను. పక్కవారి డేటా చాటున దాగారు, బాగానే ఉంది. ఆ డేటా ఆపే స్విచ్ కాపలాదారు చేతిలోనే ఉంటే? అర్ధరాత్రి ఓ పది నిమిషాలు ఆపి చూస్తాడు. రొద పోతుంది, మీ ఫోటాన్లు బయటపడతాయి. కాబట్టి కాపలాదారు తగ్గించలేని రొదనే లెక్కలో పెట్టుకోవాలి. మిగతాది ఉంటే సంతోషం, హామీ మాత్రం కాదు.

దీనికి ఎదురు కోణం కూడా ఉంది. కాపలాదారుకి రొద సగటు ఎంతో కచ్చితంగా తెలియకపోతే, ఉదాహరణకి మనకు సాయపడే మూడోవారు ఇష్టమొచ్చినట్టు రొద పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, వర్గమూల సూత్రమే సడలుతుంది, గడుల సంఖ్యకు సమానంగా పంపవచ్చని రేడియో విషయంలో నిరూపించారు. ఆ సాయం ఎంతవరకు నమ్మవచ్చో ఎవరికి వారు తేల్చుకోవాలి.

ముందే రహస్య కీ ఉండాలా?

సాధారణంగా ఉండాలి. ఏ గడులు వాడుతున్నామో ఇద్దరికీ మాత్రమే తెలియాలి కదా. మొదట్లో చూపిన పద్ధతుల్లో పంపే బిట్లకన్నా కీ బిట్లే ఎక్కువ ఖర్చయ్యేవి. అందుకునేవారి ఛానెల్ కాపలాదారు ఛానెల్‌కన్నా మెరుగ్గా ఉంటే కీ లేకుండానే నడుస్తుందని తర్వాత తేలింది.

జాడ లేకుండా క్యూకేడీయే చేసి కీ పెంచుకుంటే సరిపోదా?

మంచి ఆలోచన, కానీ జమాఖర్చు కుదరదు. అరాజోలా, స్కరానీ అదే పత్రంలో లెక్క తేల్చారు. కోవర్ట్ క్యూకేడీ పుట్టించే కీ కన్నా దాన్ని దాచడానికి ఖర్చయ్యే కీ ఎక్కువ. అందుకని వాళ్లు రెండూ కలిపారు. ఏ గడులు వాడాలో సూడోరాండమ్ నంబర్ జనరేటర్‌తో (చిన్న కీ నుంచి యాదృచ్ఛికంగా కనిపించే అంకెలు పుట్టించే ప్రోగ్రామ్‌తో) ఎంచుకుంటారు, కీ క్యూకేడీతో తయారవుతుంది. కొత్త కీ భద్రతకు క్యూకేడీ పూచీ, జాడ తెలియకపోవడానికి మాత్రం ఆ జనరేటర్ ఎంత గట్టిదైతే అంతే పూచీ. ఈ తేడా పరీక్షలో అడిగితే సగం మంది తడబడతారు.

ఎంటాంగిల్‌మెంట్ వాడితే వర్గమూలం గోడ బద్దలవుతుందా?

బద్దలు కాదు, కాస్త జరుగుతుంది. ఇద్దరి దగ్గరా ముందే పంచుకున్న ఎంటాంగిల్‌మెంట్ (దూరంగా ఉన్న కణాలను కలిపే క్వాంటం ముడి) ఉంటే, రొద ఉన్న ఆప్టికల్ ఛానెల్‌లో వర్గమూలాన్ని దాని లాగరిథమ్‌తో గుణించినంత మేరకు పంపవచ్చని గగాట్సోస్, బుల్లక్, బాష్ చూపారు. అయితే ఆ ఎంటాంగిల్‌మెంట్ చెడకుండా దాచే క్వాంటం మెమరీ కావాలి, దాన్ని చదివే రిసీవర్ కావాలి. ఇవాళ రెండూ కష్టమే.

ఇది స్టెగనోగ్రఫీయే కదా?

చుట్టాలే, ఒకటి కాదు. స్టెగనోగ్రఫీలో ఫోటోనో పాటో పైకి కనిపిస్తుంది, సందేశం దాని లోపల ఉంటుంది. గస్ సిమన్స్ 1983లో చెప్పిన ఇద్దరు ఖైదీల కథలో జైలు అధికారి చూస్తుండగానే ఉత్తరాలు నడుస్తాయి. కోవర్ట్‌లో పైకి కనిపించే ఉత్తరం కూడా ఉండదు. మధ్యస్థంగా క్వాంటం స్టెగనోగ్రఫీ ఒకటుంది. తప్పులు దిద్దే కోడ్‌లో ఛానెల్ వల్ల వచ్చినట్టు కనిపించే తప్పులుగా సందేశాన్ని మలచడం. షా, బ్రన్ 2011లో దీన్ని వివరంగా రాశారు.

మన దగ్గర ఇలాంటివి జరుగుతున్నాయా?

క్వాంటం కమ్యూనికేషన్ జరుగుతోంది. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లోని రెండు డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్‌లు, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐల మధ్య క్యూకేడీని పరీక్షించారు. 12 కిలోమీటర్ల దూరంలో, 10 డెసిబెల్ నష్టంతో నడిపారు. 2022లో ఐఐటీ ఢిల్లీతో కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య వంద కిలోమీటర్లు దాటారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ 6,003.65 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది, దాని కమ్యూనికేషన్ హబ్ ఐఐటీ మద్రాస్‌లో ఉంది. పైన చెప్పిన ఆ రెండు పరీక్షలూ క్యూకేడీవి, కోవర్ట్‌వి కావు. అమరావతి క్వాంటం వ్యాలీ గురించీ అడుగుతుంటారు. అక్కడ ప్రకటించినది ముఖ్యంగా క్వాంటం కంప్యూటర్, అది వేరే దారి.

చెడ్డవాళ్ల చేతిలో పడితే?

ఆ భయం నాకూ ఉంది. కానీ వర్గమూల సూత్రం కాపలా కాసేవారికీ ఉపయోగపడుతుంది: ఎంతసేపు చూస్తే ఎంత పట్టుకోవచ్చో, తమ డిటెక్టర్ ఎంత నిశ్శబ్దంగా ఉండాలో అదే చెబుతుంది. పెద్ద పెద్ద ఫైళ్లు ఈ దారిలో పోవు. పోయేవి చిన్న మాటలు: "క్షేమంగా ఉన్నాను", "రేపు రావద్దు". అలాంటి ఒక్క మాట కోసం ప్రాణం పణంగా పెట్టాల్సి వచ్చేవాళ్లు లోకంలో ఉన్నారు, నేను ముందుగా వాళ్ల గురించే ఆలోచిస్తాను.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

క్వాంటం కన్నా ముందు గణాంకశాస్త్రం చదవండి. ఒక చిన్న మార్పు పెడితే రెండు సంభావ్యతా పంపిణీల మధ్య తేడా ఆ మార్పు వర్గంతో పెరుగుతుంది. వర్గమూలం పుట్టేది అక్కడే. ఆ వర్గం ముందు ఉండే గుణకం ఫిషర్ ఇన్ఫర్మేషన్. దాన్ని పంపిణీల మధ్య దూరంగా 1945లో మలిచినది మన తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావు గారు. ఆ పత్రానికే 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. కోవర్ట్ పత్రాలు చదువుతూ ఆయన దగ్గరికి తిరిగి చేరినప్పుడు నాకు సొంత ఊరి బస్సు కనిపించినట్టు అనిపించింది.

తర్వాత కంప్యూటర్‌లో ఈ ఆట ఆడండి. 10,000 నాణేలు ఎగరేయించి వంద జాబితాలు తయారుచేయండి. అందులో మీకిష్టమైన యాభైలో 10 బొమ్మలు అదనంగా చొప్పించి, ఏవి మార్చారో చెప్పకుండా స్నేహితుడికి ఇచ్చి మొత్తాలు చూసి ఊహించమనండి. తర్వాత 30తో, 100తో, 200తో చేయండి. ఏ అంకె దగ్గర మీ స్నేహితుడు మిమ్మల్ని పట్టుకోవడం మొదలుపెట్టాడో రాసి పెట్టుకోండి. అప్పుడు నాణేలు 40,000 చేసి మళ్లీ చూడండి.